ఇంట వినిపించు దేశచరిత్ర



మన బిడ్డలకు దేశచరిత్రమును ఇంటియొద్దనే వినికిడి పాఠములమూలమున నేర్పవచ్చునా యని నన్ను పలువురు పెద్దలు అడుగుచున్నారు. ఇది ప్రొద్దుపోక యడిగిన ప్రశ్న కాదు. 2020వ సంవత్సరమున వ్యాధిభయముచే బడులు మూతపడినప్పుడు ఆకాశవాణియు దూరదర్శనమును పాఠములను మన యిండ్లలోనికి తెచ్చినవి. బడులు తెఱచుకొన్న పిమ్మటను ఆ యలవాటు పోలేదు. నేడు సెల్‌ఫోనుపై వ్రేలు మోపినంతనే అశోకుడు మొదలుకొని అంబేద్కరు వఱకు ఎవరి కథయైనను ఎవరో యొకరి గొంతున వినవచ్చును. చెప్పువా డెవడో మనకు తెలియదు. వినువాడు మాత్రము మన మనుమడు.

నా సమాధానము సూటిగా చెప్పుచున్నాను. నేర్పవచ్చును. కాని పాఠమును వినిపించి పెద్దలు లేచి పోరాదు. ప్రక్కన కూర్చుండవలెను, నడుమ నడుమ ఆపవలెను, అడుగవలెను. ఆ పని చేయువారు లేని యింట ఎంతటి మంచి పాఠమైనను గాలిపాటే యగును.

నేను చిన్ననాట గురువుగారి యింట అమరమును శబ్దమంజరిని వల్లెవేసి, పిదప బడిలో తెలుగు పండితుడనై చిరకాలము పని చేసి విశ్రాంతి గైకొన్నవాడను. పుస్తకము చేతికి రాకమునుపే నా చదువులో సగము చెవులగుండ లోనికి వచ్చినది. కాబట్టి వినికిడి చదువును చిన్నచూపు చూచు తలంపు నాకు లేదు. అది మన దేశమున క్రొత్తగా పుట్టినదియు కాదు.

కర్నూలు జిల్లాలో, గుత్తికి చేరువను, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి గుట్టబండలపై అశోకచక్రవర్తి క్రీ. పూ. 3వ శతాబ్దమున చెక్కించిన శాసనము లున్నవి. అందొకదానిలో రాజు తన యధికారులకు చేసిన యాజ్ఞ చూడుడు. రాజుకులను ఉద్యోగులు భేరి మ్రోగించి పల్లెజనులను కూడబెట్టి ధర్మమును వినిపింపవలెనట. తల్లిదండ్రులను సేవించుట, ప్రాణులయెడ దయ, సత్యము పలుకుట అనునవి అందలి విషయములు. గురువులు శిష్యులకు పూర్వపద్ధతి ననుసరించి వీనిని నేర్పవలెననియు అందు కలదు. కళింగదేశమున ధౌళి, జౌగడ శాసనములలో మఱియొక విశేషము. తిష్యా నక్షత్రము, అనగా పుష్యమి, వచ్చిన దినములయందు ఆ శాసనమును జనులు వినవలెను. నడుమ సమయము దొరకినప్పుడు ఒక్కడే యున్నను వినవలెను అని వ్రాయించెను. ఱాతిపై చెక్కినదియు చదువుటకంటె వినుటకే యుద్దేశింపబడినదని దీనివలన తేలుచున్నది. పల్లెజనులలో అక్షరము తెలిసినవారు కొలదిమంది. చెవులు మాత్రము అందఱికిని ఉన్నవి.

అయితే చెవికొక లోపము కలదు. కన్ను వెనుకకు తిరిగి చూడగలదు. చెవి వెనుకకు పోలేదు. విన్నమాట దాటిపోయిన తరువాత మనస్సునందు మిగిలినదే మిగిలినది. మన పూర్వులీ సంగతిని బాగుగా నెఱిగినవారు. వేదమును వ్రాతలేకయే కాపాడవలసి వచ్చినప్పుడు వారు సంహితను ఒక్కమాఱు చెప్పించి ఊరకుండలేదు. పదపాఠమున మాటలను విడదీసిరి. క్రమపాఠమున మొదటిదానిని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జత చేసిరి. జటయందును ఘనమందును ఆ జతలను వెనుకకు ముందునకు త్రిప్పి చెప్పించిరి. ఒక మాట జాఱిన ప్రక్కమాట పట్టియిచ్చును. అందువలన శిష్యుని తప్పు ఆ క్షణముననే బయటపడును.

నేటి శబ్దపాఠములకును ఈ రీతియే పట్టును. నేను మా యింట పది నిమిషములకంటె నిడువైన పాఠమును ఒక్కమాఱుగా వినిపింపను. మొదట నిలుపక వినుట. రెండవమాఱు విషయము మారినచోట నెల్ల ఆపి, పిల్లలచేత చెప్పించుట. మూడవమాఱు నేను కావలెనని సంవత్సరమునో యూరిపేరునో మార్చి చెప్పెదను, వారు పట్టుకొనవలెను. ఈ మూడవదానికై వారు కాచుకొని కూర్చుందురు. తాతను తప్పుపట్టుటకంటె మనుమలకు వేఱు పండుగ యేమున్నది? ఈ కాలపు పిల్లలు పాఠమును ఒకటిన్నర రెట్ల వేగమున పరుగెత్తించుటయు కలదు. వంటకము మాడకుండ మంట తగ్గించినట్లు, నేను ముందుగా ఆ వేగమును తగ్గించి పిమ్మట వినిపింతును.

ఇక రెండవ సంగతి. విన్నదంతయు చరిత్రము కాదు. ఇతిహాసమను మాటను విడదీసిన ఇతి హ ఆస యగును. ఇట్లు నిజముగా జరిగెనని యర్థము. ఆ నిజముగా అను మాటయొద్దనే పెద్దలు మేలుకొని యుండవలెను.

పల్నాటిసీమవారికి ఇది తెలిసిన విషయమే. కారెంపూడిలో ఏటేట కార్తిక మాసము చివర వీరుల యుత్సవము జరుగును. వీరవిద్యావంతులు బ్రహ్మనాయుని కథను, బాలచంద్రుని కథను పాడుదురు. ఆ పోరు 12వ శతాబ్దమునాటిది. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన కావ్యము 15వ శతాబ్దమునకు చెందినది. నడుమ గడచిన కాలమంతయు ఆ కథ గాయకుల గొంతులలోనే బ్రతికినది. గొంతులలో బ్రతికిన కథ కొంత పెరుగును, కొంత తరుగును. అంతమాత్రమున అది యబద్ధము కాదు. అంతయు నిజమును కాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులములవారిని ఒక్కచోట కూర్చుండబెట్టెనని పాడినప్పుడు, ఆ మాటను అన్ని తరములవారు విడువక పట్టుకొనుటయే యొక చరిత్రాంశము. దానిని పిల్లలకు ఆ రీతిగానే చెప్పవలెను: ఇది శాసనము చెప్పినది, ఇది పాట చెప్పినది అని.

మొన్న మా యింట ఒక శబ్దపాఠము నడచినది. అల్లూరి సీతారామరాజుగారి కథ. పాఠము బాగుగనే మొదలయ్యెను. కడపట రాజుగారు తుపాకులయెదుట నిలిచి దీర్ఘమైన యుపన్యాసమొకటి చేసిరి. వెనుక వాద్యములు మ్రోగినవి. నాకును కంట తడి పెట్టినది, దాచనేల? ఐదవ తరగతి చదువు మా మనుమడు మాత్రము, “తాతయ్యా, అక్కడ మనవాళ్ళెవరును లేరు గదా! ఆ మాటలు విన్నదెవరు? వ్రాసినదెవరు?” అని యడిగెను.

చరిత్రము చదువువాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యదియే. నేను వెంటనే ఫోనును ఆపి, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పితిని. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై రాజుగారి దండు పడి ఆయుధములు గైకొన్నది. 1924 మే 7న ఆయనను బంధించి, న్యాయస్థానమున విచారణ లేకయే, కొయ్యూరు ప్రాంతమున కాల్చి చంపిరి. ఇవి కాగితములలో నున్నవి. ఉపన్యాసము మాత్రము పాఠము కూర్చినవారి కల్పన. కావ్యమునందు కల్పన తప్పు కాదు. తిక్కనగారి పాత్రలును మాటలాడినవి. కాని కావ్యమును కావ్యమని చెప్పి వినిపింపవలెను గదా!

ఆ పాఠమునందు మఱియొక కొఱత కూడ నుండెను. తుపాకుల మ్రోత వినబడినదే కాని మన్యమువారికి కోపమెందులకు వచ్చినదో వినబడలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడువ్యవసాయమునకు అడ్డువచ్చుట, ఆకలమ్ములు ఏరుకొను అడవిలోనికే పోరాదనుట, నర్సీపట్నమునుండి చింతపల్లివైపు వేయు రోడ్డుపై కూలి సరిగా ఈయక పని చేయించుకొనుట అను కారణములు చెప్పినగాని ఆ కథ పిల్లలకు వట్టి సాహసకృత్యముగా మిగులును. చెవికింపైనది త్వరగా చెప్పుదురు. కారణములు చెప్పుటకు ఓపిక కావలెను. ఆ యోపిక మన పెద్దలయందే కలదు. పోడు కొట్టుట యనగా నేమో, ఎండకాలమున కొట్టిన చెట్లను ఎప్పుడు కాల్తురో, మొదటి వానకు ఏ గింజలు చల్లుదురో, పట్టణపు గొంతుకంటె కొండయొడ్డు రైతు చక్కగా చెప్పగలడు.

గొంతు ఎవరిది యనునది మూడవ సంగతి. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వచ్చినది. మద్రాసు కేంద్రము వచ్చిననాటికి రేడియో ఆంగ్లప్రభుత్వముది. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానము జరిగి, మఱునాడే నాయకులందఱు చెఱసాలల పాలైరి. అప్పుడు దేశమున జరుగుచున్న సంగతులను ప్రభుత్వ రేడియో చెప్పదు గదా! బొంబాయిలో ఉషా మెహతా యను 22 ఏండ్ల విద్యార్థిని, మఱికొందఱు సహచరులతో కూడి, రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడిపినది. అది ఆగస్టు 27న మొదలైనది. పోలీసులకు దొరకకుండ ఒక్కయింట నిలువక ఇల్లు మార్చుచు నడిపిరి. నవంబరు 12న పట్టుబడిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను.

సరిగా ఐదేండ్లకు, 1947 నవంబరు 12న, దీపావళినాడు, మహాత్ముడు ఢిల్లీలోని రేడియో భవనమునకు పోయెను. కురుక్షేత్రపు శిబిరమున తలదాచుకొన్న శరణార్థులయొద్దకు స్వయముగా పోవ వీలుకాక, వారిని గూర్చి మాటలాడెను. ఆ భవనమునకు ఆయన పోయినది అదియొక్కమాఱే. ఒకే తారీఖున ఒకనాడు రేడియో నేరమైనది, మఱియొకనాడు ఓదార్పైనది. యంత్ర మదియే. మాటలాడినవా డెవడు, ఆ గొంతును నడిపినవా డెవడు, ఎవరితో మాటలాడెను అను మూడు ప్రశ్నలు మారినవి. నేడు ఫోనులోనికి వచ్చిపడు ప్రతి శబ్దపాఠమునకును మా పిల్లలు ఈ మూడు ప్రశ్నలు వేయుదురు. చెప్పువాని పేరు లేని పాఠమును మా యింట వినిపింపము. పేరులేని యుత్తరమును మన పెద్దలు పొయ్యిలో వేసెడివారు కదా!

చెవితో నేర్చినవారికి కాలమును దేశమును కలసిపోవును. ఇది నేను బడిలో కన్నులార చూచినదే. అశోకుడును కృష్ణదేవరాయలును ఇరుగుపొరుగువారని తలచు పిల్లలు కలరు. దీనికి నేనొక త్రాటిని వాడుచున్నాను. నూఱేండ్ల కొక జాన చొప్పున త్రాటిపై ముడులు వేసితిని. ఈ కొన నేటిది. 1947 ముడి ఈ కొననుండి ఒక జాన నిండకమునుపే వచ్చును. రాజుగారు చనిపోయిన 1924 ముడి జానకు కొంచెము ఆవల పడును. రాయలవారికి ఐదు జానలు, పల్నాటి పోరునకు ఎనిమిది దాటును. అశోకుని కొఱకు ఇరువదిమూడు జానల త్రాడు వసారా ఈ చివరనుండి ఆ చివరకు పట్టవలసి వచ్చినది. పట్టుకొన్న పిల్లవాడు, “అంత దూరమా!” అని నోరు తెఱచెను. ఏ గొంతును ఆ దూరమును చెప్పలేదు; త్రాడు చెప్పినది.

దేశమునకు నేలపై ముగ్గుపిండితో గీసిన పటము చాలును. పాఠమున ఊరిపేరు వినబడినప్పు డెల్ల ఒక చింతగింజ పెట్టవలెను. ఇట్లు చేయగా నొక సంగతి బయటపడినది. సహాయనిరాకరణమును గూర్చిన పాఠమునందు గింజలన్నియు ఉత్తరదేశముననే పడినవి. మన ప్రక్క ఒక్కటియు లేదు. అప్పుడు నేను చీరాలపై నొక గింజ పెట్టి, 1921లో జరిగినది చెప్పితిని. చీరాల పేరాలలను పురపాలకసంఘముగా చేసి పన్నులు పెంచగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట నమ్మి, వేలకొలది జనులు ఇండ్లు వాకిళ్ళు విడిచి ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు 11 నెలలు ఎండకు వానకు ఓర్చి యుండిరి. మా మనుమరాలు ఎనిమిదవ తరగతి. “పశువుల నేమి చేసిరి? చూలాలి సంగతి యేమి?” అని యడిగినది. ఈ ప్రశ్నలు పుట్టినపుడే చరిత్రము ఇంటిలోనికి వచ్చినట్లు.

పాఠము లెచ్చట మొదలుపెట్టవలెనని యడుగువారికి, పిల్లల నోట నిదివఱకే యున్నదానితో మొదలిడుడని చెప్పుదును. జాతీయగీతమును వారు దినదినము పాడుచున్నారు. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడబడినది. 1919లో రవీంద్రుడు మన మదనపల్లెకు వచ్చి, అచ్చటి కళాశాలలో నుండగా దానిని ఆంగ్లమునకు మార్చెను. మార్గరెట్ కజిన్స్ అను నామె స్వరలిపి కూర్చినది. 1950 జనవరి 24న అది జాతీయగీత మయ్యెను. బడిలో చేయు ప్రతిజ్ఞయు అట్టిదే. దానిని 1962లో, విశాఖపట్టణమున ఖజానాశాఖలో ఉద్యోగము చేయుచు, నల్లగొండ జిల్లా అన్నెపర్తివారగు పైడిమర్రి వేంకట సుబ్బారావుగారు తెలుగున రచించిరి. దేశమందలి బిడ్డలందఱు తమ తమ భాషలలో దానిని చెప్పుచున్నారు. దినదినము పలుకు మాటను తెలుగువాడు వ్రాసెనని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఒక చిక్కైన విషయమును కూడ దాటిపోరాదు. హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరు 17న భారతదేశమున చేరినది. ఆ దినమును కొందఱు విమోచన మందురు, కొందఱు విలీన మందురు, మఱికొందఱు సమైక్యతాదిన మందురు. ఏ పేరు వాడిన పాఠము దొరకిన, ఆ పేరే సత్యమని పిల్లలు తలతురు. తెలంగాణమున ఒక యింట రజాకారులచే దగ్ధమైన ఊరి కథ చెప్పుదురు. ఒక యింట దొరలపై తిరుగబడిన సంఘము కథ చెప్పుదురు. మఱియొక యింట సైన్యము వచ్చిన పిదప తమవారు పడిన పాట్లు చెప్పుదురు. మూడును జరిగినవే. ఒకదానిని చెప్పి రెండింటిని మ్రింగుట బోధ కాదు. పెద్దలు తమ యింటి కథను దాచనక్కఱలేదు; పొరుగింటివానిని గూడ పిలిచి అతని కథను పిల్లలకు వినిపించినచో చాలును. కులము, మతము వేఱైన పొరుగువాడైన మఱియు మేలు.

ఇంతవఱకు బయటినుండి వచ్చు గొంతులను గూర్చి చెప్పితిని. మన గొంతుల మాట యేమి? 1948ని బుద్ధి తెలిసి చూచినవారు నేడు తొంబదికి దగ్గఱనో, దాటియో యున్నారు. 1952లో పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై చనిపోయినపుడు ఊళ్ళలో నేమి జరిగెనో చెప్పగలవారు తరుగుచున్నారు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన పడినపుడు చెట్టు పట్టుకొని మిగిలినవారు మాత్రము ఇంకను కలరు. పిల్లలకు వినిపించు ఆ ఫోనుననే వారి మాటలను పట్టి యుంచవచ్చును. పద్ధతి సులభము. మొదట తారీఖు, ఊరు, చెప్పువారి పేరు, వయస్సు పలికించవలెను. తరువాత వారు తాము చూచినదానిని వేఱుగను, పరులవలన విన్నదానిని వేఱుగను చెప్పవలెను. నడుమ మనము అడ్డుపడరాదు. మఱచినచో మఱచితిననుటకు వారికి స్వేచ్ఛ యుండవలెను. కులవైరములు, ఆస్తితగవులు వచ్చినచోట పేర్లు విడువవలెను.

మా వీధిలో తొంబదియేండ్ల వృద్ధురా లొకరు కలరు. మహాత్ముడు చనిపోయిన వార్త తమ యూరికి మఱునాడు బడిపంతులుగారు తెచ్చిరని ఆమె చెప్పినది. “ఆనాడు మా యమ్మ శనివారపు ఒక్కపొద్దు. రాత్రి ఫలహారము కూడ ముట్టలేదు” అన్నది. పిల్లలు ఆ మాటను పట్టుకొని లెక్క వేసిరి. 1948 జనవరి 30 శుక్రవారము. ఆ రాత్రియే నెహ్రూగారు రేడియోలో దేశమునకు చెప్పిరి. మఱునాడు శనివారమే. డెబ్బదియేండ్లకు పైబడిన జ్ఞాపకము ఒక ఒక్కపొద్దును పట్టుకొని తప్పక నిలిచినది. మనుమరాలు మరల పోయి, “మామ్మగారూ, ఆ పంతులుగారి పేరేమి?” అని యడిగినది. ఆమె చాలసేపు ఆలోచించి, నాలుకపై నున్నది రాకున్నది, రేపు రమ్మని చెప్పినది. ఫోనును ఆపక ఆ మాటను కూడ పట్టి యుంచితిమి.